షాట్ టైమరు - నిశ్శబ్ద కార్బైన్లు

షాట్ టైమరు అనేది తుపాకీ పోటీలలో కాలాన్ని కొలవడానికి వాడే, అరచేతిలో ఇమిడే ఎలక్ట్రానిక్ పరికరం. ఇది 'బీప్' అనే ధ్వనితో పోటీదారునికి ప్రారంభ సంకేతమిచ్చి, ఆ క్షణం నుండి తనకు వినబడిన ప్రతి పేలుడు సమయాన్ని సెకనులో నూరవ వంతు వరకు నమోదు చేస్తుంది. చివరగా నమోదైన పేలుడు సమయమే పోటీదారుని సమయంగా పరిగణిస్తారు. పెద్ద చప్పుడు చేసే పిస్తోళ్ళను దృష్టిలో ఉంచుకొని రూపొందించిన ఈ పరికరం, చప్పుడు తక్కువగా ఉండే కార్బైన్ల విషయంలో తరచుగా తడబడుతుంది. కార్బైన్ అంటే పొట్టి గొట్టం గల తేలికపాటి రైఫిలు. .22 రిమ్‌ఫైర్ తూటాలు పేల్చేవి, పిస్తోలు తూటాలు పేల్చేవి, సైలెన్సరు బిగించినవి - ఈ మూడు రకాల కార్బైన్లతోనే ప్రధానంగా చిక్కు వస్తుంది. ఆ చిక్కుకు కారణాలు, పోటీ నిర్వాహకులు అనుసరించే ఉపాయాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

చరిత్ర

వేగాన్నీ గురినీ కలిపి లెక్కించే 'ప్రాక్టికల్ షూటింగ్' అనే క్రీడ 1950లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో జెఫ్ కూపర్, అతని మిత్రులు జరిపిన పోటీలతో రూపుదిద్దుకుంది. 1976లో మిస్సోరి రాష్ట్రంలోని కొలంబియా నగరంలో జరిగిన సమావేశంలో అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య (ఐ.పి.ఎస్.సి.) ఏర్పడింది. దానికి కూపరే మొదటి అధ్యక్షుడు. తొలిరోజులలో కాలాన్ని చేతి స్టాప్‌వాచీతో కొలిచేవారు. చెవికి వినబడిన తరువాత బొటనవేలు కదలడానికి పట్టే కాలం మనిషి మనిషికీ మారుతుంది కనుక ఆ కొలత మీద వివాదాలు తప్పేవి కావు. పేలుడును తానే విని ఆగే ఎలక్ట్రానిక్ టైమర్లు 1980లలో వాడుకలోకి వచ్చిన తరువాత ఆ వివాదాలు చాలావరకు సద్దుమణిగాయి.

మన పాఠశాలల క్రీడోత్సవాలలో నూరు మీటర్ల పరుగుపందెం జరిగేటప్పుడు గమ్యం దగ్గర నిలబడిన ఉపాధ్యాయుడు తుపాకీ శబ్దం విని కాక, పొగ చూసి వాచీ నొక్కాలని చెబుతారు. శబ్దం నూరు మీటర్లు రావడానికి దాదాపు 0.29 సెకను పడుతుంది కాబట్టి ఆ జాగ్రత్త. షాట్ టైమరుకు పొగను చూసే కన్ను లేదు. దానికున్నది చెవి మాత్రమే. దాని శక్తి, దాని లోపం రెండూ అక్కడే ఉన్నాయి.

స్టీల్ ఛాలెంజ్ అనే మరొక పోటీ 1981లో మొదలైంది. ఇందులో ప్రతి స్టేజిలోనూ అయిదు ఉక్కు పలకలుంటాయి. అందులో ఒకటి 'స్టాప్ ప్లేట్'. దానిని అన్నిటికంటే చివర కొట్టాలి. మొత్తం ఎనిమిది స్టేజీలు. ఏడు స్టేజీలలో అయిదేసి పర్యాయాలు కాల్చి మంచివి నాలుగు లెక్కలోకి తీసుకుంటారు. 'ఔటర్ లిమిట్స్' అనే ఒక్క స్టేజిలో మాత్రం నాలుగు కాల్చి మూడు తీసుకుంటారు. ఈ పోటీలో రిమ్‌ఫైర్ రైఫిళ్ళకు, పిస్తోలు తూటాల కార్బైన్లకు ప్రత్యేక విభాగాలు కలవు. అమెరికా ప్రాక్టికల్ షూటింగ్ సంఘం (యు.ఎస్.పి.ఎస్.ఎ.) కూడా తన పోటీలలో పిస్తోలు తూటాల కార్బైన్లకు 2016లో ఒక విభాగాన్ని ప్రవేశపెట్టింది. అంతవరకు పిస్తోళ్ళు మాత్రమే మ్రోగిన మైదానాలలో ఈ విధంగా మెల్లగా పేలే తుపాకులు అడుగుపెట్టాయి.

కార్బైన్ చప్పుడు ఎందుకు తక్కువ

తుపాకీ చప్పుడులో ముఖ్యమైన భాగం గొట్టపు మూతి వద్ద ఒక్కసారిగా వెలువడే వేడి వాయువులది. గుండు మూతిని దాటే సమయానికి గొట్టంలో పీడనం ఎంత ఎక్కువగా మిగిలి ఉంటే పేలుడు అంత పెద్దగా ఉంటుంది. పిస్తోలు గొట్టం నాలుగైదు అంగుళాలే కాబట్టి వాయువులు ఇంకా గట్టి ఒత్తిడిలో ఉండగానే బయటపడతాయి. అమెరికా చట్టం ప్రకారం, ప్రత్యేక నమోదు లేని రైఫిలు గొట్టం కనీసం 16 అంగుళాలు ఉండాలి. అంత పొడవు గొట్టంలో అదే తూటాను పేలిస్తే మందు పూర్తిగా కాలిపోయి, వాయువులు వ్యాకోచించి, పీడనం బాగా తగ్గిన తరువాతనే మూతి తెరుచుకున్నట్లవుతుంది. .22 తూటాలో మందు మరీ తక్కువ. అందుచేత దాని చప్పుడు ఇంకా తక్కువ.

రెండవ కారణం పోటీ నియమాలలోనే ఉన్నది. గుండు బరువును గ్రెయిన్లలోను, వేగాన్ని సెకనుకు అడుగులలోను తీసుకొని, రెండింటినీ గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చేదానిని 'పవర్ ఫ్యాక్టర్' అంటారు. యు.ఎస్.పి.ఎస్.ఎ. పోటీలలో కార్బైనుకు ఇది కనీసం 125 ఉంటే చాలు, అంతకు మించి ఉన్నందువల్ల అదనపు మార్కులు రావు. 147 గ్రెయిన్ల 9 మి.మీ. గుండు సెకనుకు 900 అడుగుల వేగంతో పోతే పవర్ ఫ్యాక్టరు 132 వస్తుంది. నియమం నెరవేరింది. కాని 900 అడుగులు అంటే దాదాపు 274 మీటర్లు, శబ్దవేగం కంటే చాలా తక్కువ. తుపాకీ అదురు తగ్గుతుందని పోటీదారులు కోరి ఇటువంటి బరువైన, నెమ్మదైన గుండ్లనే వాడతారు.

శబ్దవేగం కంటే వేగంగా పోయే గుండు గాలిని చీల్చుకుంటూ 'చర్' మనే మరొక చప్పుడు కూడా చేస్తుంది. వేగమైన గుండ్లు వాడితే టైమరు సమస్య తీరిపోతుందని కొందరు భావిస్తారు. ఇది పూర్తిగా నిజం కాదు. ఆ చప్పుడు శంకువు ఆకారంలో గుండుతోపాటు ముందుకు, పక్కలకు విస్తరిస్తుంది. షూటరు వెనుక నిలబడిన అధికారి చేతిలోని టైమరుకు అది నేరుగా చేరదు. ఎదుటి మట్టికట్టకు తగిలి తిరిగివచ్చినదే చేరుతుంది, అదీ ఆలస్యంగా.

ఇక్కడ వాతావరణం పాత్ర కూడ కొంత ఉన్నది. సాధారణ వేగపు .22 తూటా గుండు సెకనుకు సుమారు 1,080 అడుగులు, అంటే 329 మీటర్లు పోతుంది. శబ్దవేగం 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 343 మీటర్లు, 35 డిగ్రీల వద్ద సుమారు 352, సున్న వద్ద 331, మైనస్ 10 వద్ద 325. కాబట్టి వేసవిలో సద్దు లేకుండా పోయిన గుండే గడ్డకట్టే చలిలో శబ్దవేగాన్ని దాటి చప్పుడు చేయగలదు.

మూడవది సైలెన్సరు. దీనికి 1909లో హైరం పెర్సీ మాక్సిం అమెరికాలో పేటెంటు పొందాడు. గొట్టపు మూతికి బిగించే ఈ డబ్బాలోని గదులలో వాయువులు చల్లబడి, నెమ్మదించి బయటికి వస్తాయి. సాధారణంగా ఇది 20 నుండి 35 డెసిబెల్‌ల వరకు చప్పుడును తగ్గిస్తుంది. సినిమాలలో చూపించినట్లు తుపాకీ మూగపోదు. అమెరికాలో 1934 నాటి చట్టం దీనిపై 200 డాలర్ల పన్ను విధించింది. 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 జనవరి 1 నుండి ఆ పన్ను సున్న అయింది, నమోదు నిబంధన మాత్రం కొనసాగుతున్నది.

టైమరు వినే తీరు

టైమరులో ఒక చిన్న మైక్రోఫోను ఉంటుంది. దానికి చేరిన ధ్వని ఒక నిర్ణీత హద్దును దాటితే పరికరం దానిని 'షాట్' గా నమోదు చేస్తుంది. ఈ హద్దును పైకీ కిందికీ జరపడాన్నే సున్నితత్వపు అమరిక అంటారు. హద్దును బాగా తగ్గిస్తే ఖాళీ తుపాకీ గొళ్ళెం పడిన 'టిక్' శబ్దాన్ని కూడా టైమరు పట్టుకుంటుంది. ఇంట్లో తూటాలు లేకుండా సాధన చేసేవారు అలాగే వాడుకుంటారు.

ఒక షాట్ నమోదైన తరువాత ప్రతిధ్వనిని మరొక షాట్‌గా లెక్కించకుండా టైమరు కొద్ది క్షణాలు చెవి మూసుకుంటుంది. ఈ విరామం మరీ పొడవైతే చేయి తిరిగిన షూటరు వెంటవెంటనే పేల్చిన రెండవ గుండు లెక్కకు రాకుండా పోతుంది. మరీ చిన్నదైతే కార్బైన్ బోల్టు వెనుకకు పోయి ముందుకు వచ్చి కొట్టుకునే లోహపు చప్పుడు కూడా ఒక షాట్ అయిపోతుంది. సైలెన్సరు ఉన్న తుపాకీలో ఈ బోల్టు చప్పుడు మూతి చప్పుడుతో పోటీపడుతుంది కనుక ఆ ప్రమాదం ఎక్కువ.

ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది ఏమిటంటే, తాను విన్న పేలుడు ఎవరిదో టైమరుకు తెలియదు.

ఒక లెక్క

క్లబ్బు మైదానాలలో స్టేజీలు పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో మట్టికట్టలుంటాయి. పక్క స్టేజిలో ఒకరు 9 మి.మీ. పిస్తోలు పేలుస్తున్నారనుకుందాం. దాని చప్పుడు మూతికి ఒక మీటరు దూరంలో సుమారు 160 డెసిబెల్‌లు. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్‌లు తగ్గుతాయి. 16 మీటర్లంటే నాలుగుసార్లు రెట్టింపు, అంటే 24 తగ్గి 136 అవుతుంది. మట్టికట్ట అడ్డువల్ల మరొక 15 తగ్గిందని ఊహిస్తే మిగిలేది 121.

మన స్టేజిలో సైలెన్సరు గల .22 కార్బైన్ పేలుతున్నది. ఒక మీటరు దూరంలో దాని చప్పుడు సుమారు 120 అనుకుందాం. అధికారి షూటరుకు వెనుక, మూతికి రెండు మీటర్ల దూరంలో ఉన్నాడు. ఆరు తగ్గి 114. మూతి ముందుకు తిరిగి ఉన్నది, మధ్యలో షూటరు శరీరం అడ్డం. మరికొంత తగ్గుతుంది. అంటే అధికారి చేతిలోని టైమరుకు పరాయి పిస్తోలు చప్పుడు 121 గాను, తన పోటీదారుని చప్పుడు 110 ప్రాంతం లోను వినబడుతున్నవి!

ఇటువంటి స్థితిలో సున్నితత్వాన్ని ఎంత సవరించినా ఫలితం ఉండదు. 110ని వినగలిగేటట్లు హద్దును దించితే 121 తప్పకుండా లోపలికి వస్తుంది. 121 రాకుండా హద్దును ఎత్తితే 110 బయటే నిలిచిపోతుంది. అదే టైమరును మూతికి వెనుకగా అరమీటరు దూరానికి తీసుకువెళితే చప్పుడు 126 అవుతుంది, పొరుగువారి చప్పుడు మాత్రం ఇంచుమించు మారదు. అప్పుడు 121కీ 126కీ నడుమ హద్దును నిలపడానికి చోటు దొరుకుతుంది. సున్నితత్వం పెంచడమే మందు అని చాలామంది అనుకుంటారు గాని, అసలు మందు దూరం తగ్గించడం. పై అంకెలు తుపాకీని బట్టి, మైదానాన్ని బట్టి మారేవే అయినా లెక్క నడిచే దారి ఒక్కటే.

ఉక్కు పలక మోత

స్టీల్ ఛాలెంజ్‌లో మరొక తిరకాసు ఉన్నది. మెల్లగా పేలే కార్బైన్ గుండు ఉక్కు పలకను తాకినప్పుడు వచ్చే 'ఠంగ్' మనే మోత ఒక్కొక్కసారి తుపాకీ చప్పుడు కంటే స్పష్టంగా టైమరుకు వినబడుతుంది. టైమరు తెర మీద అయిదు షాట్లు కనబడతాయి. అధికారి తృప్తిపడతాడు. కాని నమోదైనవి పేలుళ్ళు కావు, తాకుళ్ళు.

తేడా ఎంత? పలక 10 మీటర్ల దూరంలో ఉన్నదనుకుంటే గుండు అక్కడికి చేరడానికి దాదాపు 0.03 సెకను, మోత తిరిగి రావడానికి మరొక 0.03. మొత్తం 0.06 సెకను. ఒక్క పర్యాయానికి ఇది చిన్న విషయమే. ఎనిమిది స్టేజీలలో లెక్కలోకి వచ్చే పర్యాయాలు 31 కాబట్టి, ప్రతిసారీ అలాగే జరిగితే మొత్తం 1.86 సెకన్లు నష్టం. పెద్ద చప్పుడు చేసే రైఫిలు వాడిన పోటీదారునికి పేలుడు సమయం, నిశ్శబ్ద రైఫిలు వాడినవారికి మోత సమయం పడితే ఆ ఇద్దరి పోటీ సమానమైనది కాదు. ఒక్కొక్క పర్యాయం రెండు మూడు సెకన్లలో ముగిసే ఈ క్రీడలో రెండు సెకన్ల దగ్గరి తేడా స్థానాలను తారుమారు చేయగలదు.

దీనికి విరుద్ధంగా కూడా జరుగుతుంది. టైమరు అయిదవ షాట్‌ను అసలే వినకపోతే నాలుగవ షాట్ సమయమే తెర మీద నిలిచిపోతుంది. అప్పుడు లాభం షూటరుది, అన్యాయం మిగిలినవారికి. ప్రాక్టికల్ పోటీలో మార్కులను సమయంతో భాగించి 'హిట్ ఫ్యాక్టర్' కడతారు. 120 మార్కులు 8.00 సెకన్లలో సాధిస్తే 15.00. చివరి షాట్ వినబడక 7.80 అని పడితే 15.38. ఎవరూ తప్పు చేయకుండానే ఫలితం మారిపోయింది.

ఆచరణలో ఉన్న ఉపాయాలు

అన్నిటికంటే ముందు చూడవలసినది అధికారి బొటనవేలు. టైమరును బిగించి పట్టుకున్నప్పుడు మైక్రోఫోను రంధ్రం మూసుకుపోవడం అనుభవజ్ఞులకు కూడా జరిగే పొరపాటు. పిస్తోలు పేలుడుకు వేలి అడ్డం లెక్కలోకి రాదు, .22కు వస్తుంది. చలికాలంలో కోటు జేబు దగ్గర, నడుముపట్టీ మీద టైమరు ఉంచుకున్నా బట్ట శబ్దాన్ని మింగేస్తుంది. రంధ్రంలో చేరిన దుమ్ము, బలహీనపడిన బ్యాటరీ తరువాత చూడవలసినవి.

తరువాతిది నిలబడే చోటు. స్టీల్ ఛాలెంజ్‌లో షూటరు చాలావరకు ఒక పెట్టెగీత లోపలే నిలబడి కాలుస్తాడు. కాబట్టి అధికారి కొంచెం పక్కకు వచ్చి, చేయి చాచి, టైమరును షూటరు ముంజేతి వరుసకు తీసుకురావచ్చును. ఖాళీ తొడుగులు ఎగిరిపడే వైపున నిలబడితే బోల్టు తెరుచుకున్నప్పుడు వెలువడే వాయువుల చప్పుడు కూడా తోడవుతుంది, కాని వేడి తొడుగులు ముఖానికి తగలవచ్చు, కంటి అద్దాలు తప్పనిసరి. ఏ పరిస్థితిలోనూ చేయి గాని, టైమరు గాని గొట్టపు మూతి వరుసను దాటి ముందుకు పోకూడదు. అధికారి చూపు తుపాకీ మీద ఉండాలి, టైమరు తెర మీద కాదు. సమయం కోసం భద్రతను సడలించడం ఎక్కడా సమర్థనీయం కాదు.

ప్రాక్టికల్ పోటీలలో షూటరు పరుగెడుతూ కాలుస్తాడు కనుక ఈ పద్ధతి అన్నివేళలా కుదరదు. అటువంటప్పుడు కొన్ని క్లబ్బు పోటీలలో టైమరును షూటరు భుజానికో, వెనుక నడుముకో తగిలిస్తారు. చివరి షాట్ మరుక్షణం అధికారి దానిని చదువుకుంటాడు. అధికారిక సమయం అధికారి నడిపే టైమరుదే అన్న నియమం ఉన్న పోటీలలో దీనికి ముందుగా నిర్వాహకుల అనుమతి తీసుకోవలసి ఉంటుంది.

సున్నితత్వాన్ని సవరించడం ఆ తరువాతి మెట్టు. స్క్వాడులో అందరికంటే మెల్లగా పేలే తుపాకీ ఎవరిదో ముందే అడిగి తెలుసుకొని, ఆ పోటీదారుని వంతు రాకమునుపే అమరిక మార్చుకోవాలి. ఆ వంతు ముగియగానే తిరిగి యథాస్థితికి తేవడం మరువరాదు. లేనిచో తరువాత వచ్చే పిస్తోలు షూటరుకు ప్రతి పేలుడూ రెండుగా నమోదయ్యే అవకాశం ఉన్నది, ప్రత్యేకించి పైకప్పు ఉన్న మైదానాలలో. ఒకే స్టేజికి రెండు టైమర్లు, ఒకటి రిమ్‌ఫైరుకు ఒకటి మిగిలిన వాటికి, సిద్ధం చేసుకుంటే ఈ మార్పుల బెడద ఉండదు.

పోటీ ఏర్పాటులోనే కొంత పని జరగవచ్చును. రిమ్‌ఫైర్ స్క్వాడులను మైదానం ఒక చివరి స్టేజీలకు, పెద్ద పిస్తోళ్ళను రెండవ చివరకు కేటాయిస్తే పొరుగు చప్పుడు బాధ సగానికి పైగా తగ్గుతుంది. ఇందుకు ఖర్చు ఏమీ లేదు, కాగితం మీద కొంత ఆలోచన చాలు. షూటరు చేయగలిగినదీ ఒకటి ఉన్నది. మూతికి సైలెన్సరు బదులు కాంపెన్సేటరు బిగించినప్పుడు వాయువులు పక్కలకు, పైకి మళ్ళుతాయి. ఆ చప్పుడు అధికారి వైపు బాగా వినవస్తుంది. చెవికి కష్టం, టైమరుకు సుఖం.

లెక్క సరిచూడడం

టైమరు తెర మీద సమయంతోపాటు షాట్ల సంఖ్య కూడా కనబడుతుంది. అధికారి మనసులో లెక్కపెట్టుకున్న పేలుళ్ళ సంఖ్యతో దానిని పోల్చడం ప్రతి పర్యాయంలోనూ జరగవలసిన పని. అయిదు పలకలూ మ్రోగగా తెర మీద నాలుగే ఉంటే ఆ సమయం చెల్లదు. ఆరు ఉంటే చివరిది ఎవరి పేలుడో విచారించాలి. టైమరులోని షాట్లను ఒక్కొక్కటిగా వెనుకకు చూసుకోవచ్చు. షూటరు ఆగిన తరువాత సెకను గడిచాక ఒక షాట్ కనబడితే అది పొరుగువారిదని పోల్చుకోవడం కష్టం కాదు. పోటీ మధ్యలో దూరిన పరాయి షాట్ సమయాన్ని మార్చదు. చివర దూరినదే మారుస్తుంది.

నమోదైన సమయం వాస్తవానికి పొసగనిదని అధికారి భావిస్తే ఐ.పి.ఎస్.సి., యు.ఎస్.పి.ఎస్.ఎ. నియమాల ప్రకారం పోటీదారు ఆ స్టేజిని మళ్ళీ కాల్చాలి. మాటల మీద సమయాన్ని సరిదిద్దే వీలు లేదు. మళ్ళీ కాల్చడం న్యాయమే గాని తేలిక కాదు. అద్భుతంగా కుదిరిన పరుగు రద్దవుతుంది, అది రెండవసారి అలాగే కుదురుతుందన్న హామీ లేదు. ముఖ్యంగా .22 విభాగాలలో పాల్గొనేవారిలో పిల్లలు, కొత్తగా చేరినవారు, పెద్ద తుపాకుల అదురు తట్టుకోలేని వయోవృద్ధులు ఎక్కువ. తమ తప్పు లేకుండా రెండు మూడు సార్లు వెనక్కి పిలిపించుకుంటే వారిలో కొందరు మరుసటి పోటీకి రారు. అందువల్ల మొదటి షూటరు గీతలోకి రాకముందే టైమరు పనితీరును నిర్వాహకులు పరీక్షించి ఉంచుకోవడం మేలు.

చెవి కాని ఇతర మార్గాలు

తుపాకీకి గాని, షూటరు చేతికి గాని అంటించిన స్పర్శక పరికరంతో అదురును పట్టుకోవడం ఒక మార్గం. పొరుగు పేలుడు దీనిని ఏమార్చలేదు. కాని .22 కార్బైన్ అదురు బహు స్వల్పం, బోల్టు కదలికనూ పేలుడునూ వేరు చేయడం కష్టం. స్టాప్ ప్లేటుకే తాకిడిని గుర్తించే పరికరం అమర్చడం మరొక మార్గం. అందులో అందరికీ తాకిన సమయమే పడుతుంది కనుక చప్పుడు భేదం వల్ల వచ్చే అసమానత పోతుంది. వీడియో తీసి బొమ్మలు లెక్కపెట్టడం వివాదం తీర్చుకోవడానికి పనికివస్తుంది గాని, సెకనుకు 30 బొమ్మలు తీసే మామూలు కెమెరాలో ఒక్కొక్క బొమ్మ 0.033 సెకనుతో సమానం, టైమరు కంటే మోటు కొలత. సెకనుకు 240 బొమ్మలు తీసే ఫోనులలో ఇది 0.004కు తగ్గుతుంది.

తెలుగు పాఠకులకు పరిచితమైన ఒలింపిక్ షూటింగులో ఈ సమస్యే లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం సాధించిన హైదరాబాదు షూటరు గగన్ నారంగ్ పాల్గొన్న 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో ఒక్కొక్క గుండుకు నూరవ వంతు సెకన్ల లెక్క లేదు. హైదరాబాదుకే చెందిన ఈషా సింగ్ పాల్గొనే 25 మీటర్ల పిస్టల్ పోటీలో వాడేది .22 తూటానే. అయితే దాని వేగపు దశలో కాలాన్ని నడిపేది లక్ష్యమే. లక్ష్యం 3 సెకన్లు అందుబాటులో ఉండి 7 సెకన్లు లేకుండా పోతుంది, ఆ 3 సెకన్లలో గుండు తగిలితేనే లెక్క. తుపాకీ ఎంత మెల్లగా పేలినా అక్కడ ఎవరి చెవితోనూ పని లేదు.